రెండు గదుల రాజీ

కోర్టుకెక్కితే కుటుంబం పరువు బజారున పడుతుందని అందరూ నచ్చజెప్పారు. అక్క మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నది మాత్రం పరువు కోసం కాదు. కోర్టులో లాయర్లే మాట్లాడతారు, ఇక్కడైతే ఎదురెదురుగా కూర్చోబెడతారని విన్నది. నాన్న పోయాక టైలరింగ్ షాపు పంపకంలో మాటామాటా పెరిగి చెల్లెలు మాట్లాడటం మానేసింది. దాని నోట ‘అక్కా’ అన్న పిలుపు మళ్లీ వినాలి. ఈవిడకు కావలసిందల్లా అదే.

తీరా వస్తే చెరో గదిలో కూర్చోబెట్టారు. మధ్యవర్తి మేడమ్ ఆ గదికీ ఈ గదికీ తిరుగుతూ కబుర్లు మోస్తుంది.

"మీరు ఊ అంటేనే ఇక్కడి మాట అక్కడ చెప్తానమ్మా. లేదంటే నా కడుపులోనే ఉంటుంది. అసలు మీకేం కావాలి?"

"అది ఈ గదిలోకొచ్చి అక్కా అంటే చాలు. నేనడిగానని మాత్రం చెప్పకండి. అడిగించుకుని పిలిస్తే అదేం పిలుపు?"

మేడమ్ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. "ఆ ఒక్క మాట చెప్పనివ్వండమ్మా," అని బతిమాలింది.

"చచ్చినా వద్దు. షాపు దాన్నే తీసుకోమనండి."

అంత ఇస్తే మనసు కరిగి తనంతట తనే వస్తుందని ఆశ. తలుపు తెరుచుకుంది. వచ్చింది మేడమే. అక్క కుట్టుమిషన్లు కూడా వదిలేసింది. మళ్లీ మేడమే. చివరికి నాన్న కత్తెర సైతం ఇచ్చేసింది. ఆ కత్తెరతో ఈవిడ కత్తిరిస్తే చెల్లెలు కుట్టేది. వాళ్లిద్దరూ కలిస్తేనే ఆ షాపులో ఒక చొక్కా తయారయ్యేది. మొండిఘటం! ఇలా ఒక్కొక్కటే వదిలేస్తుంటే అవతల గదిలో చెల్లెలు ఏమనుకుంటుందో ఆలోచించనే లేదు.

సంతకాలు కూడా ఎవరి గదిలో వాళ్లవే అయిపోయాయి. బయటికొస్తే మెట్ల దగ్గర చెల్లెలు ఎదురైంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఉన్నదంతా విసిరేసి మరీ నన్ను వదిలించుకున్నారు కదండీ. సంతోషం," అని మెట్లు దిగసాగింది.

అండీ! పరాయి మనిషిని అన్నట్టే అంది. అక్క గుండె చెరువైపోయింది. వెనక్కి తిరిగి మేడమ్‌ను చూసింది.

"అది కూడా మీకేమన్నా చెప్పిందా? నాకు చెప్పొద్దని?"

"ఆ గదిలో మాట నేను చెప్పకూడదమ్మా," అని మేడమ్ కళ్లు తుడుచుకుంది. "ఇంకా మెట్ల మీదే ఉంది. పిలవండి."

‘ఆగవే’ అని ఒక్క కేక వేస్తే వినపడేంత దూరం. అక్క రెండు మెట్లు దిగి ఆగిపోయింది. కింద వీధి తలుపు మూసుకుంది.