ఆషాఢంలో వెలిగిన ఎర్ర బుగ్గ

నేను ఒక ఎర్ర బుగ్గను. మంత్రుల కార్ల నెత్తిన గిర్రున తిరుగుతూ రోడ్డు మీది జనాన్ని పక్కకు తప్పించినదాన్ని. కడుపులో మాట దాచుకోవడం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తాను. సోమల ఓబులపతి మీద నాకు కోపం. ఆయన నన్ను పగలగొట్టలేదు, తూకానికి అమ్ముకోలేదు, తుడవకుండా వదిలేయనూ లేదు. నెల రోజులు నన్ను వెలిగించుకుని ఊరూరా తిరిగాడు. ఆ నెలలో చేయవలసిన ఒక్క పని చేయలేదు. చేయనందుకు ఆయనకు పోయిందేమీ లేదు. పోయింది కదిరప్పకు.

నేను పుట్టింది బెంగళూరు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. నా ఒంట్లో ఉన్నది చాలా తక్కువ. ఒక బల్బు, దాని చుట్టూ తిరిగే అద్దం, అద్దాన్ని తిప్పే వేలెడంత మోటారు, పైన ఎర్ర ప్లాస్టిక్ టోపీ. బల్బు ఉన్నచోట ఉంటుంది, తిరిగేది అద్దమే. చూసేవాళ్లు మాత్రం వెలుగే పరుగెత్తుతోందనుకుంటారు. నాతోపాటు పుట్టిన నీలం బుగ్గలు అంబులెన్సుల మీదికి వెళ్లాయి. వాటి కింద ఒక ప్రాణం ఉంటుంది. నా కింద ఒక పదవి ఉంటుంది. నాకు రాసిపెట్టింది అదే.

మొదట నన్ను కొన్నది అక్కడి అటవీ శాఖ మంత్రిగారి డ్రైవరు. ఆ మంత్రి పేరు మనకు అనవసరం, ఆయన జిల్లాలోనే చాలామంది మరిచిపోయారు. రెండేళ్లు ఆయన నెత్తిన తిరిగాను. ఒకరోజు మధ్యాహ్నం మంత్రివర్గంలో మార్పులని టీవీలో జాబితా వచ్చింది. అన్నానికి కూర్చున్నప్పుడు మంత్రి, చేయి కడుక్కునేసరికి మాజీ. సాయంత్రానికి డ్రైవరు నన్ను ఊడదీసి, వచ్చిన ధరకు బెంగళూరులోనే బండి సామాన్ల అంగట్లో ఇచ్చేశాడు. అంగడివాడు నన్ను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొత్త సరుకు పక్కన అద్దాల బీరువాలో పెట్టాడు. అక్కడికే వచ్చాడు కదిరప్ప.

కదిరప్పది అనంతపురం వైపు ఒక పల్లె. యాభై దాటిన మనిషి, చదువు అయిదో తరగతితో ఆగింది. మూడు బోర్లు ఎండిపోయి నాలుగోదాంట్లో నీళ్లు పడితే, ఆ నీళ్లు చూసుకుని చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టాడు. ఇరవై ఏళ్లుగా ఎమ్మెల్యే ఓబులపతి వెంట తిరుగుతున్నాడు. గోడలకు సున్నం కొట్టాడు, జెండాలు మోశాడు, ఎన్నికల్లో ఒకసారి తల పగలగొట్టించుకున్నాడు. సర్పంచి పదవి అడగలేదు, కాంట్రాక్టు అడగలేదు. ఆయన అడిగింది ఒక్కటే, తన తోట మిగలాలని.

ఆ పల్లె మీదుగా కొత్త కాలువ వస్తోంది. దాని గుర్తు రాళ్లు తోట నడిబొడ్డున పాతారు. తూర్పున రెండు వందల గజాల దూరంలో గుట్ట వారన సర్కారు బంజరు ఉంది, కాలువ అటు జరిగితే ఎవరి మీదా పడదు. ఇంజనీర్లు కూడా చూసి, జరపవచ్చునని ఫైలు రాశారు. ఇక కావలసింది నీటిపారుదల మంత్రి సంతకం. అప్పుడున్న మంత్రి దాన్ని పట్టించుకోలేదు. కాబట్టి ఓబులపతి మంత్రి కావాలి, అదీ ఆ శాఖకే కావాలి. కదిరప్ప దేవుడికి కూడా ఇంత వివరంగానే మొక్కుకున్నాడట.

మన మంత్రివర్గంలోనూ మార్పులుంటాయని గాలి లేచింది. ముఖ్యమంత్రి లెక్కలేస్తున్నాడన్నారు. జిల్లాకు ఇన్ని, కులానికి ఇన్ని, అలిగినవాళ్లకు ఇన్ని. పని చేసేవాళ్లకు ఎన్ని అని ఎవరూ అనగా నేను వినలేదు. ఓబులపతి పేరు జాబితాలో ఎక్కుతోందనీ దిగుతోందనీ పూటకో మాట వచ్చేది. కదిరప్ప ఆగలేకపోయాడు. తన నాయకుడి బండి మీద తొలి బుగ్గ తన చేత్తోనే పెట్టాలని బెంగళూరు వచ్చి నన్ను కొన్నాడు. తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

ఇంట్లో భార్య సుంకులమ్మ నన్ను చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"పెండ్లి కుదరకముందే తలంబ్రాలు తెచ్చినట్లుండాది నీ యవ్వారం."

"కుదుర్తాది చూడు" అన్నాడు కదిరప్ప.

కుదిరింది కూడా. జ్యేష్ఠం చివర్లో రాజ్‌భవన్‌లో ప్రమాణ స్వీకారం జరిగింది. ఓబులపతికి సరిగ్గా నీటిపారుదలే వచ్చింది. సర్కారు కారుకు సర్కారు బుగ్గ ఉంటుంది. ఆయన సొంత తెల్ల బండికి నన్ను బిగించారు. బిగించింది కదిరప్పే. కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు ఆయన కళ్లు తుడుచుకోవడం నేను పైనుంచి చూశాను. ఆ మాజీ మంత్రి ఇంట్లో నా కోసం ఎవరూ ఏడవలేదు. నాకూ కాస్త గర్వం వేసింది. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మూడోనాడే ఆషాఢం వచ్చిపడింది. శూన్యమాసంలో కుర్చీ ఎక్కకూడదని సిద్ధాంతి చెప్పాడు. శ్రావణం వచ్చాక రెండోనాడు దివ్యమైన ముహూర్తం ఉందన్నాడు. ఎలాగూ నెల ఆగాలి కదా అని సచివాలయంలో మంత్రి గదికి వాస్తు మొదలైంది. దక్షిణం తలుపు మూసి తూర్పుకు గోడ పగలగొట్టారు. ఆ నెలంతా ఓబులపతికి పని సన్మానాలే. నేను తిరిగినన్ని తిరుగుళ్లు నా జన్మలో తిరగలేదు. శాఖ లేని మంత్రులుంటారని విన్నాను. శాఖ చేతిలో ఉండీ దాన్ని ముట్టని మంత్రిని అప్పుడే చూశాను.

ఆషాఢం సగమయ్యాక ఒక ఉదయం శాఖ కార్యదర్శి పరాంకుశం గారు హైదరాబాదులో మంత్రి ఇంటికి వచ్చారు. నెమ్మదైన మనిషి. చంకలో కదిరప్ప తోట ఫైలు ఉంది. నా బండి వాకిట్లో నిలిపి ఉంది, మాటలన్నీ దాని పక్కనే జరిగాయి. కాలువ టెండరు ఖరారు చేసే రోజు దగ్గర పడిందనీ, అది అయ్యాక దారి మార్చడం ఎవరి తరమూ కాదనీ ఆయన వివరంగా చెప్పారు. చివరికి ఫైలు బండి ముందు రేకు మీద విప్పి పెట్టారు.

"ప్రమాణం చేసిన నిమిషం నుంచే మీరు మంత్రి సార్. కుర్చీతో పనిలేదు. ఇక్కడే పెట్టెయ్యండి."

ఓబులపతి జేబులోంచి పెన్ను తీశాడు. మూత కూడా తీశాడు. కాగితం మీద పెట్టబోయి, పక్కన నిలబడ్డ కదిరప్ప వైపు తిరిగాడు.

"ఏమప్పా కదిరప్పా, ఈడనే పెట్టేద్దునా? లేకుంటే సీట్లో కూసున్నంక తొలి సంతకం నీ ఫైలు మిందనే పెడదునా? టీవీల్లో వస్తాది. మీ ఊరంతా చూస్తాది."

మంత్రి కుర్చీ ఎక్కిన రోజు పెట్టే తొలి సంతకమంటే మన దగ్గర ఎంత మర్యాదో మీకు తెలుసు. కెమెరాలుంటాయి, పేపర్లో పడుతుంది. ఇరవై ఏళ్లు జెండా మోసినవాడికి అది దక్కుతోంది. పరాంకుశం గారు కదిరప్ప ముఖంలోకి చూస్తూ తల అడ్డంగా ఊపారు. నాకు స్పష్టంగా కనిపించింది. కదిరప్ప చూపు మాత్రం ఓబులపతి మీదే ఉంది.

"అట్లయితే మంచిదినమే పెట్టన్నా. ఇన్నేండ్లు ఆగినోణ్ని, ఇంగ పదైదు దినాలు ఆగలేనా?"

పెన్నుకు మూత పడింది. పరాంకుశం గారు ఫైలుకు నాడా కట్టుకుని వెళ్లిపోయారు.

తప్పు కదిరప్పదే కదా, నీకు ఓబులపతి మీద కోపమెందుకని మీరు అడగవచ్చు. మర్యాద ఇస్తాను తీసుకుంటావా అని నాయకుడు అడిగితే, వద్దని చెప్పే అలవాటు మన అనుచరులకు ఎవరు నేర్పారు? పెన్ను ఎవరి చేతిలో ఉందో, అడగకుండా సంతకం పెట్టవలసిన బాధ్యత కూడా వాళ్లదే. నాకు చదువు లేదు, నాకు తెలిసిన న్యాయం ఇది.

ఆ వారంలోనే సన్మానానికి పల్లెకు వచ్చాం. బండిని కదిరప్ప ఇంటి ముందే ఆపారు. ఊరంతా మేళతాళాల వెనక పోయాక, సుంకులమ్మ భర్తను వాకిట్లో నిలేసింది.

"పెన్ను తీసినోణ్ని వద్దంటివా నువ్వు?"

"మంచిదినం కాదే. నీకు తెలీదులే."

"నాకు తెలీదు సరే. ఆ చెట్లకు తెల్సునా ఇది ఆషాఢమని?"

కదిరప్ప మేళం వైపు వెళ్లిపోయాడు. తొలి సంతకం రోజున పంచాయతీ ఆఫీసు అరుగు మీద టీవీ పెట్టించాలని అప్పటికే అందరికీ చెప్పి ఉన్నాడు.

ఆషాఢ అమావాస్య ముందురోజు, రాజధానిలో ఒక పెద్దాయన అలిగాడు. తనకిచ్చిన శాఖ తన స్థాయికి చాలదన్నాడు. ఆయన వెంట పదిమంది ఎమ్మెల్యేలున్నారు, అలకకు బరువుంది. ముఖ్యమంత్రి రాత్రికి రాత్రి నలుగురి శాఖలు అటూ ఇటూ మార్చాడు. నీటిపారుదల పెద్దాయనకు పోయింది. ఓబులపతికి గ్రంథాలయాలు వచ్చాయి. పెద్దాయన ముహూర్తం అడగలేదు. అమావాస్యనాడే, ఓబులపతి పగలగొట్టించిన తూర్పు తలుపులోంచి, రంగు ఆరని గదిలోకి నడిచివెళ్లి కూర్చున్నాడు. తొలి సంతకం కాలువ టెండరు మీద పెట్టాడు, పాత పటం ప్రకారమే. ఆయనకు కదిరప్ప మీద పగలేదు. కదిరప్ప అనే మనిషి ఉన్నాడనే తెలియదు.

పరాంకుశం గారు ఆ ఫైలు మళ్లీ పెట్టి చూశారట. కొత్త మంత్రి పేషీలో ఆలస్యమైందని రాసి తిప్పి పంపారు.

శ్రావణంలో ఓబులపతి దివ్యమైన ముహూర్తానే గ్రంథాలయాల కుర్చీ ఎక్కాడు. పల్లె అరుగు మీద టీవీ పెట్టలేదు. నాలుగు రోజుల తర్వాత కదిరప్ప ఒక్కడే హైదరాబాదు వచ్చాడు. బయటికి బయల్దేరుతున్న ఓబులపతి బండి తలుపు పట్టుకుని ఆగి, తన చేతిలో ఏమీ లేదనీ, అంతా పైవాళ్లు చేశారనీ, కదిరప్పను జిల్లా గ్రంథాలయ సంస్థలో సభ్యుడిగా వేయిస్తాననీ చెప్పుకుపోయాడు. అయిదో తరగతి చదివిన మనిషికి పుస్తకాల పదవి. కదిరప్ప అంతా విన్నాడు. గొంతు పెంచలేదు.

"ఆ పొద్దు నువ్వు నన్ను అడగకుండా పెట్టింటే, నేను వద్దంటానా అన్నా?"

ఓబులపతి బండెక్కి తలుపు మూసుకున్నాడు. డ్రైవరు అలవాటు కొద్దీ నా స్విచ్చి వేశాడు. కదిరప్ప పక్కకు తప్పుకున్నాడు. అందరినీ తప్పించినట్టే ఆయన్నీ తప్పించాను. నా బతుకులో నేను చేసిన పనులన్నిటిలో నాకు మనసొప్పనిది అదే.

దసరాకు మళ్లీ మార్పులొచ్చాయి. ఈసారి ఓబులపతి పేరే లేదు. డ్రైవరు నన్ను ఊడదీసి, ఇది నీ సొత్తే కదా అని ఎవరి చేతో కదిరప్పకు పంపించాడు. కొన్నేళ్లకు బుగ్గలే వద్దని సర్కారు అన్ని కార్ల మీదనుంచీ తీయించింది. అంతవరకూ నా వెలుగు చూసి దారిచ్చినవాళ్లు, అది లేకపోయినా దారిస్తూనే ఉన్నారని విన్నాను.

నేను తోటకు చేరిన పది రోజులకు యంత్రాలు వచ్చాయి. చెట్ల నిండా కాయలున్నాయి, ఇంకా పక్వానికి రాలేదు. ఇరవై రోజులు ఆగమని కదిరప్ప యంత్రం నడిపే తమిళుణ్ని బతిమాలాడు. అతను మంచివాడు. అవతలి కొసనుంచి మొదలుపెట్టి, తనకు వీలైనంత మెల్లగా తవ్వాడు. పదకొండు రోజులు ఇచ్చాడు. పచ్చి కాయలనే కోసి సంతకు తోలారు. చెట్లు పడేటప్పుడు కదిరప్ప అక్కడే నిలబడ్డాడు, సుంకులమ్మ మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు.

నా మోటారు తుప్పు పట్టింది, బల్బు ఎక్కడో పోయింది. నా ఎర్ర టోపీని సుంకులమ్మ తిరగేసి కోళ్లకు నీళ్లు పోస్తోంది. పొద్దున్నే కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. వాటికి నేను ఎవరి నెత్తినుంచి దిగానో అక్కరలేదు, నీళ్లుంటే చాలు. కాలువ తవ్వడం అయిపోయింది, అందులో ఇంకా నీళ్లు రాలేదు. పరిహారం కొలతలకు వచ్చిన సర్వేయరు గట్టు మీద కూర్చుని, బోరున్న తోటను తక్కువ ధర పలికే మెట్ట అని రాసుకుని, కదిరప్పకు చదివి వినిపించాడు. సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు. కాలువ కింద పోయింది మూడెకరాల ఇరవై ఏడు సెంట్లు.