ఊ కొట్టని తల్లి

ఇలా నా పక్కకి జరిగి కూర్చో, వరాలూ. సోమవారం నర్సు ట్రైనింగుకి పోతున్నావు కదా, ఈలోగా ఈ సంగతి నీ చెవిన పడాలి.

నిరుడు ఈ మోకాలి ఆపరేషన్‌కి నర్సీపట్నంలో ఓ చిన్న ఆసుపత్రిలో ఉన్నాను. పక్క మంచం మీద ఏడేళ్ల పిల్ల. షుగరు, రోజూ ఇన్సులిన్ సూది పడాలి. తల్లి సింహాద్రమ్మది కొండ మీద ఊరు. నా నోరు ఊరుకోదు కదా, గొలుగొండలో నా పెళ్లినాడు చెరుకు బళ్లు తిరగబడ్డ కథంతా ఆమెకి చెప్పాను. ఒక్క ఊ కొడితే ఒట్టు! నేలచూపులు చూస్తూ కూర్చుంది. గోడకి చెప్పుకున్నా నయమని అటు తిరిగి పడుకున్నాను.

నర్సు పుష్పవతిదీ అదే బాధ. సూది ఎలా వెయ్యాలో మూడు రోజులు చెప్పి, విసిగిపోయింది.

“ఊ అనవు, ఆ అనవు! నిన్ను నమ్మి పిల్లని ఇంటికెలా పంపమంటావు? బడి ఆస్టల్లో ఎట్టీ. ఆళ్లే ఏత్తారు సూది.”

సింహాద్రమ్మ పిల్ల కాలు గట్టిగా పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం పిల్లకి తల దువ్వుతూ కథ చెబుతోంది. వింటే, నా కథే! మూడు బళ్లూ, బురదా, చెప్పానని నేనే మరిచిపోయిన ఎద్దు పేరు బూడిదోడుతో సహా. నాకు సిగ్గేసింది.

“మరి ఊ కొట్టలేదేటే?”

“సెప్తన్నోల మాట మీద మన మాట ఎయ్యకూడదని మాయమ్మ సెప్పీది, మామ్మా. అయిపోయినాక అడుగుతారనుకున్నాను. ఎవులూ అడగనేదు.”

వాకర్ పట్టుకుని లేచాను. నర్సు బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను.

“పుష్పవతమ్మా, రా. నువ్వు సెప్పడం ఆపు, అది సెప్పుద్ది.”

“ముందు మీ కాలు సూసుకోండి, మామ్మగారూ!”

“కాలెక్కడికీ పోదు. నువ్వొచ్చీదాకా నేనూ ఇక్కణ్నించి కదల్ను.”

వచ్చింది, గొణుక్కుంటూనే. సింహాద్రమ్మ తల ఎత్తకుండా మొదలుపెట్టింది. సూదిలోకి ఎన్ని గీతల దాకా మందు లాగాలి, ఎంతసేపటికి అన్నం పెట్టాలి, చెమటలు పడితే పంచదార ఎంత. ఒక్కటీ జారలేదు. చివర్న అడిగింది.

“మొన్న పొట్ట మీదన్నారు, నిన్న తొడ మీదన్నారు. రెండూనా? మాకు ఫ్రిజ్జు నేదు, మందెక్కడెట్టాలి? మూడు రోజులై ఇదే ఆలోసిత్తన్నాను.”

పుష్పవతి స్టూలు లాక్కుని కూర్చుంది. చోటు మార్చి మార్చి వెయ్యాలని చెప్పింది. మందు సీసాని కుండలో ఉంచి, చల్లగా ఉండేలా ఆ కుండని తడి ఇసుకలో పెట్టుకోమంది. ఆ తర్వాత సింహాద్రమ్మ మాట్లాడుతుంటే తనే ఊ కొట్టింది.

మర్నాడు పిల్ల తల్లితోనే కొండ మీద ఊరికి వెళ్లిపోయింది.

నువ్వు ఇప్పుడు ఊ కొట్టకపోయినా నేనేమీ అనుకోను, వరాలూ. గుర్తుంచుకుని, నీతో చదివే పిల్లలందరికీ చెప్పు. బూడిదోడి పేరు మాత్రం మరిచిపోకు.