పై వరుస పాతది

ఉదయం పదిన్నరకు బుచ్చన్న కంప్యూటర్ తెర మీది నడిమి వరుసను కిందికి దించాడు. పైకి జరపవలసింది.

కొత్తకోట హైవే పక్కన టైర్ల దుకాణం మీది గదిలో అతని ఉద్యోగం. కాలువ రైతులకు నీళ్ల వంతు ఎప్పుడో చూపే యాప్ అక్కడ తయారవుతుంది. ఇటిక్యాల దగ్గరి ఈరమ్మకు ఆ రాత్రి వంతు రావాలి. యాప్‌లో అది కనిపించడం లేదు. ఫోన్లో వంతు కనిపించందే తూము తెరవనని కాలువ నీళ్లు వదిలే లస్కరు చెప్పాడు. ఈ వంతు తప్పితే ఆమె మిరపతోటకు వారం దాకా తడి లేదు.

పక్క కుర్చీలోని పావని ముందురోజే దాన్ని సరిచేసింది. కోడ్‌లో చేసి దాచిన ఒక్కో మార్పు ఒక కమిట్. కానీ ఆ దిద్దుబాటు కమిట్‌కు ముందొకటి, వెనకొకటి మ్యాపు కమిట్లు ఉన్నాయి. మ్యాపు పని ఇంకా సగంలో ఉంది. మూడూ కలిపి పంపితే యాప్ తెరుచుకోదు. ఇంకా ఎవరికీ పంపలేదు కాబట్టి వరుస మార్చవచ్చు. దిద్దుబాటును మొదటికి తెచ్చి, అదొక్కటే పంపాలి. వరుస మార్చే తెరలో పాత కమిట్ పైన, కొత్తది కింద ఉంటాయి.

బుచ్చన్న అమరచింతలో తండ్రి మగ్గం దగ్గర పెరిగాడు. మగ్గంలో నేసిన బట్ట ఒడి వైపు చుట్టుకుంటుంది. కొత్త పోగు ఎప్పుడూ అవతల, పైవైపున పడుతుంది. తెర చూసినా అతని చేయి పైదే కొత్తదనుకుంటుంది. ఇన్నేళ్లయినా మారలేదు.

"అన్నా, మల్ల కిందికే దించినవు. గిది మీ నాయిన మగ్గం గాదు," అంది పావని.

"నువ్వున్నవని ధైర్యం, చెల్లె."

"రేపటి సంది ఎవరుంటరు? నాగర్‌కర్నూల్ల గిట్లనే జేస్తే ఎల్లగొడ్తరు."

ఆ రోజు అతనికి అక్కడ చివరి రోజు. భార్య లలితమ్మ నాగర్‌కర్నూలు దవాఖానలో నర్సుగా చేరింది. అతనికీ అక్కడి కాలేజీలో పని దొరికింది.

బుచ్చన్న బల్ల మీది నాడె తీసుకున్నాడు. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసిన ఆ చెక్క నాడె తండ్రిది. దాని మొనను తెర మీద ఆనించి, వరుసలను పైనుంచి చదివి, దిద్దుబాటును పైకి జరిపాడు. పని మధ్యలో ఆగింది. మ్యాపు కమిట్, దిద్దుబాటు ఒకే లైనును రెండు రకాలుగా మార్చాయి. దిద్దుబాటుకు కావలసింది ఉంచి, రెండోది తీసి, ముందుకు నడిపాడు. యాప్‌లో ఈరమ్మ పేరు కొట్టి చూశాడు. ఆ రాత్రి వంతు కనిపించింది. ఆ ఒక్క కమిట్ పంపాడు.

సాయంత్రం ఈరమ్మ ఫోన్ చేసింది. లస్కరు ఫోన్ చూసుకున్నాడని, నీళ్లు ఇడుస్తనన్నాడని చెప్పింది.

"గిటు దిక్కు వస్తే జర మిరపకాయలు తీస్కపో, సారూ."

ఊరు విడిచి పోతున్నానని బుచ్చన్న చెప్పలేదు.

"వస్తనమ్మా," అన్నాడు.

టిఫిన్ డబ్బా, చార్జరు, తువ్వాలు సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు. పావని బస్టాపు దాకా తోడు వెళ్లింది. బస్సు వచ్చింది. ఎక్కాడు.

ఆ రాత్రి ఈరమ్మ తోటకు నీళ్లు పారాయి. మర్నాడు పావని వచ్చేసరికి ఆమె కీబోర్డు పక్కన నాడె ఉంది. దాని లోపల నూలు చుట్టే కండెకు ఎర్ర పోగు ఇంకా ఉంది.