ఆటు వేళకు ఉచిత టిఫిన్

ముంబై వెళ్దామని నేను అడిగింది ఒక సముద్రపు జీవిని ప్రాణంతో చూడటానికి. మా ఆయన విజయేందర్‌తో మాత్రం ముంబై చూడాలని ఉందని చెప్పాను. ఇన్నేళ్ల కాపురంలో మొగుడికి ఏది ఎంతవరకు చెప్పాలో తెలియకపోతే బీఎస్సీ చదివి లాభం లేదు.

నా బీఎస్సీలో జువాలజీ ఉంది. మా ల్యాబు బీరువాలో సీ అనిమోన్ అని చీటీ అంటించిన సీసా ఒకటి ఉండేది. అందులో, ఫార్మలిన్ నీళ్లలో, ఉడికించి మరిచిపోయిన క్యాబేజీ ముక్క లాంటిది తేలేది. అది సముద్రంలో పువ్వులా విచ్చుకుంటుందని, వేలు పెడితే పట్టుకుంటుందని మేడమ్ చెప్పేది. ఆవిడా సీసాలోనే చూసిందట. ఆ క్యాబేజీ మీద నాకు మార్కులు బాగానే వచ్చాయి, నమ్మకం మాత్రం కుదరలేదు. ఒక్కసారి వేలు పెట్టి చూడాలి. పట్టుకుంటుందో లేదో తేలాలి. యాభై ఏళ్లు దగ్గర పడుతున్నా ఆ కోరిక అలాగే ఉండిపోయింది.

పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం చాలా దూరం వెనక్కి తీస్తుంది. అప్పుడు ముంబై ఒడ్డున రాళ్ల గుంటల్లో ఇవి కనిపిస్తాయని ఫోన్లో చదివాను. వంటింటి క్యాలెండర్లో వైశాఖ పౌర్ణమి చూసి, ఆ రోజు పొద్దున్నే అక్కడ దిగేలా టికెట్లు తీయించాను. ఎంచక్కా పౌర్ణమి పూట ప్రయాణమని మా వదిన కల్పలత మెచ్చుకుంది. వదిన మా ఆయనకు అక్క. తిరుమలగిరిలో టీచరుగా చేసి రిటైరైంది. రూము కిరాయి ఎలాగూ కడుతున్నాం కదా, ఇంకో మనిషి పడుకుంటే గిట్టుబాటవుతుందని ఆయనే ఆమెను కలిపాడు. మొగుడూ పెళ్లాలం కలిసి సముద్రం చూడబోయే మొదటి ప్రయాణం అది. ముగ్గురం వెళ్లాం.

మా ఆయనకు రెజిమెంటల్ బజార్‌లో నల్లాలు, పైపుల దుకాణం. లాడ్జి ఆయనే వెతికాడు. 'సముద్రానికి దగ్గర' అని రాసి ఉందట. ఏ సముద్రానికో రాయలేదు. స్టేషన్ నుంచి లోకల్ రైల్లో ఊరికి ఆ చివర దిగి, చేపల బుట్టల వెనక చాలా దూరం నడిస్తే వచ్చింది. రూము పన్నెండింటికి గాని ఇవ్వమన్నారు.

"ఊకె కూసుంటే ఏమొస్తది? పోయి సముద్రం చూసొద్దాం" అన్నాడు, కౌంటర్ కింద సంచులు తోసి.

"ఇప్పుడు వద్దండీ. మనం వెళ్లేసరికి పోటు మీద ఉంటుంది. రేపు పొద్దున్నే, నీళ్లు వెనక్కి పోయినప్పుడు వెళ్దాం."

"నిండుగ ఉన్నప్పుడే గదనే చూడాలె. ఖాళీ సముద్రం ఎవడన్న చూస్తడా?"

హుస్సేన్ సాగర్ చూస్తూ పెరిగిన మనిషి. నీళ్లంటే కట్ట లోపల పెట్టినచోటే ఉంటాయని ఆయన నమ్మకం.

మళ్లీ లోకల్ ఎక్కి, బస్సు మారి, రాళ్లున్నాయని నేను చదివిన చోటికే చేరాం. ఒక్క రాయీ కనపడలేదు. గోడకు ఇవతల ఆకాశం దాకా అపార్ట్‌మెంట్లు. వాటిలో ఒక బాల్కనీ అమ్మితే మా ఊరి సైనిక్‌పురిలో వీధి కొనవచ్చట. గోడకు అవతల టీ డికాషన్ రంగు నీళ్లు. అల వచ్చి గోడకు కొట్టినప్పుడల్లా ఒక చెప్పు, నాలుగు పాల ప్యాకెట్లు, ఉబ్బిపోయిన డైపరు ఫుట్‌పాత్ మీద పడుతున్నాయి. ఊరు పారేసిందంతా సముద్రం ఊరికే వాపసు ఇస్తోంది. ఆ తుంపర నా పెదాల మీద కూడా పడింది. రుచి గురించి రాయను.

మా ఆయన ఒక కొబ్బరి బోండాం కొని, అందులో మూడు స్ట్రాలు పెట్టించాడు.

"నీ ఎంగిలి నాకెందుకురా తమ్మీ?" అంది వదిన, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"స్ట్రాలు వేరే ఉన్నయ్ కదక్కా."

"లోపల నీళ్లు ఒకటే కదరా."

చివరకు మొత్తం ఆయనే తాగాడు. మూతి తుడుచుకుని, "అయిపోయింది. సముద్రం చూసినం" అన్నాడు, పద్దు కొట్టేసినట్టు.

రూములో మూడు మంచాలు పెట్టాక మిగిలిన నేల మీద ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడవచ్చు. నా దిండు మీద, నాకంటే ముందు పడుకున్నవాళ్ల తల నూనె గుండ్రంగా దిగి ఉంది. తువాలు తడిగా ఇచ్చారు. అది ఎవరి తడో అడగలేదు. బాత్రూంలో మగ్గును గొలుసుతో నల్లాకు కట్టేశారు. దాని అడుగున పచ్చటి పాకుడు. జారుడుగా ఉండేవంటే నాకు అసహ్యం లేదు, చదువుకున్నదే వాటి గురించి. కానీ అవి మగ్గులో ఉండకూడదు. మా ఆయన మాత్రం గోడ పైపులు తట్టి చూసి, మాల్ మంచిదని కితాబిచ్చాడు.

రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తీశాడు. ఆ ఉక్కకు అది నురగ కట్టింది.

"పారేయండి, వాసనొస్తోంది."

"జెర పులుపెక్కింది, అంతే. పులిహోరనే కద" అని తినేశాడు.

ఇదే సమయమని రేపటి మాట కదిపాను. మధ్యాహ్నం మా తిరుగు రైలు. పొద్దున్న ఏడింటికి ఆటు. ఆ ఒక్క పూట తప్పితే నా అనిమోన్ మళ్లీ సీసాలోకి వెళ్లిపోతుంది.

"అయిదున్నరకే బయల్దేరాలి" అన్నాను.

"టిఫిన్ ఎనిమిదింటికి షురూ అయితది కద?"

"ఏ టిఫిన్?"

జేబులోంచి మూడు టోకెన్లు తీసి మంచం మీద పరిచాడు. "ఫ్రీ. కిరాయిలనే ఉన్నది. పోహా, బొప్పాయి, ఉడకబెట్టిన గుడ్డు. తిని, తీరుబడిగ పోదాం. సముద్రం ఏడికి పోతది వసుధా?"

"పోతుందండీ. దాని పనే అది."

"పొద్దుగాల చూసినవ్ గద. మళ్ల అదే సముద్రానికి మళ్ల బస్సు కిరాయా? ఆ ఊరి మీద, ఆ నీళ్ల మీద ఏం మోజే నీకు?"

అప్పుడు చెప్పాను, క్యాబేజీ సంగతి, వేలి సంగతి. ఆయన టోకెన్లు ఏరి తలగడ పక్కన పెట్టుకున్నాడు.

"పురుగు కోసమా? ఇంత దూరం? మా అక్కను సుత తీస్కొచ్చి?"

"పురుగు కాదు..."

"మన మోరీల ఉంటయ్ కదనే కావాల్సినన్ని" అని లైటార్పి, అటు తిరిగి పడుకున్నాడు. పులిహోర ఆయన కడుపులో రాత్రంతా మాట్లాడింది.

తెల్లవారుజామున చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే చీకట్లోంచి వదిన గొంతు వినిపించింది.

"నేనొస్త."

"అక్కడ మురికి వదినా."

"ఈ దిండు మీద ఇంకో గంట పండుకుంటే రోగమొస్తది. మురికైనా గాలి తగుల్తది."

ఆయనను లేపలేదు. మూడు టోకెన్లూ ఆయన తలగడ పక్కనే వదిలేశాం.

మేము చేరేసరికి సముద్రం నిజంగానే వెళ్లిపోయింది. నిన్న అలలు కొట్టిన గోడ కింద మెట్లున్నాయి. వాటికి అవతల నల్లటి రాళ్లు, మధ్యమధ్య గుంటల్లో నీళ్లు మెరుస్తూ చాలా దూరం పరుచుకున్నాయి. కానీ మెట్లకూ రాళ్లకూ నడుమ అపార్ట్‌మెంట్ల కింది నుంచి వచ్చే నాలా పారుతోంది. నల్లగా, చిక్కగా, తొందరేమీ లేకుండా. పొద్దున లేచాక మనుషులు చేసే పనులన్నీ అందులో కలిసి వస్తున్నాయి.

"ఛీ. పద పోదాం" అంది వదిన.

అటూ ఇటూ వెతికాను. వేరే దారి లేదు. అక్కడ నిలబడి నా మీద నాకే అసహ్యం వేసింది. తడి తువాలు వద్దని చీర చెంగుతో ఒళ్లు తుడుచుకున్న మనిషిని. సీసాలో ఉన్నప్పుడే శుభ్రంగా ఉండేదేమో అది.

చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టాను.

"వసుధా, ఏం జేస్తున్నవ్? పిచ్చి లేసిందా? తమ్మునికి నేనేం జెప్పాలె?"

"టిఫిన్ బాగుందా అని అడుగు వదినా."

దిగాను. వెచ్చగా ఉంది. అది చల్లగా ఉన్నా బాగుండేది. కాలి వేళ్ల మధ్య ఏదో మెత్తగా కదిలి, పక్కకు తప్పుకుని పోయింది. ఊపిరి బిగబట్టి, ఎటూ చూడకుండా నడిచి అవతల రాయి ఎక్కాను.

మొదటి గుంటలో షాంపూ ప్యాకెట్లు. రెండో గుంటలో ఎవరి విగ్గో, నాచో తెలియని గుత్తి. తర్వాతి గుంటలో, గాజు పెంకు పక్కన, రాతి చీలికలో అది ఉంది. రూపాయి బిళ్లంత. జలుబు చేసిన ముక్కులోంచి వచ్చే రంగు. పువ్వు అన్నవాళ్లకు పువ్వులు తెలియవు. చుట్టూ సన్నటి వేళ్లు నీళ్లలో మెల్లగా ఊగుతున్నాయి.

గొంతుక్కూర్చుని చూపుడు వేలు నీళ్లలోకి దించాను.

పట్టుకుంది. చంటిపిల్ల నోటి పట్టు. బంకగా, బలం లేకుండా, వదలకుండా. నేను తీయలేదు. అదీ వదల్లేదు. నడుం పట్టేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కంపుకే అనుకుందాం.

ఎంతసేపు అలా ఉన్నానో గాని, నీళ్లు వచ్చి నా మడమలు తడిపినప్పుడు అది నోరు ముడుచుకుని మొటిమలా అయిపోయింది. వెనక్కి తిరిగేసరికి నాలా మీదికి సముద్రం ఎక్కేసింది. ఎక్కడిదాకా కంపో, ఎక్కడినుంచి ఉప్పో తేడా లేదు. మోకాలి లోతు నీళ్లలో నడిచి మెట్లెక్కాను.

పైన గోడ మీద వదిన, పక్కన మూడు సంచులతో మా ఆయన. లాడ్జి ఖాళీ చేసి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. అటు చూస్తే నీళ్లే నీళ్లు. నిన్నటి సముద్రమే.

"దీని కోసమేనా?" అన్నాడు. "ఉన్నదా మరి నీ పురుగు?"

"ఉంది. పట్టుకుంది."

ఆయన సంచులు కింద పెట్టాడు. ప్యాంటు జేబులోంచి టిష్యూలో చుట్టిన గుడ్డు ఒకటి తీశాడు.

"ప్యాక్ చెయ్యనన్నరు. రెండు టోకెన్లు నేనే తిన్న, మూడోది జేబుల పెట్టుకున్న. నీకే. పెంకు తియ్యి."

తీసుకున్నాను. ఆ చేత్తోనే పెంకు వలిచాను. వదిన నా చేతి వంక చూసి, ఆయన వంక చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. గుడ్డును రెండు చేసి పెద్ద సగం ఆయనకు అందించాను.

"చేతులు కడుక్కున్నవా?"

"ఇప్పుడే, సముద్రంలో."

తలూపి నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు సరిపోయింది" అన్నాడు.

రెండో సగం వదినకు చాపాను. ఆమె సంచులెత్తుకుని బస్సు స్టాపు వైపు గబగబా నడవసాగింది.