ఎల్బ్రస్ మీద కొట్లాట

శిఖరం ఇంకా పైనుండగానే గాలి లేచింది. రష్యాలోకెల్లా ఎత్తైన మంచుకొండ ఎల్బ్రస్ మీద నాలుగడుగుల దూరంలో మనిషి కూడా కనిపించడం మానేశాడు. జట్టులో జబ్బుపడ్డ ఇంకొకతన్ని కిందికి దింపుతూ గైడు, "మీరూ నా వెనకే దిగండి," అని చెప్పి ఆ తెలుపులో కలిసిపోయాడు.

సుష్మ దిగడానికి తిరిగింది. నడుముకి కట్టిన తాడు బిగిసింది. రెండో కొసన వినయ్ కదల్లేదు.

తాడేపల్లిగూడెంలో ఇద్దరూ కలిసి ఇంజనీరింగ్ చదివారు. సుష్మ వాళ్ళది మండవల్లి, చేపల చెరువుల మీద బతికే ఇల్లు. వినయ్ వాళ్ళకి గూడెంలో బియ్యం వ్యాపారం. కొండలెక్కే పిచ్చి మాత్రం ఇద్దరికీ ఒకటే.

"వినయ్, దిగిపోదాం."

"నువ్వెవరు?" అన్నాడతను. మాట ముద్దగా వచ్చింది.

ఆ ఎత్తుకి మెదడు వాచిందని సుష్మకి అర్థమైంది. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది. అతను మంచుగొడ్డలి ఎత్తి ఆమె మొహం మీద కొట్టాడు. చెంప చీలింది. నెత్తురు మెడలోకి వెచ్చగా దిగింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఇంకోటి పడేలోపు సుష్మ అతని మీదికి దూకింది.

ఇద్దరూ మంచులో దొర్లారు. అతని బూట్ల కింది ఇనప ముళ్ళు ఆమె తొడలో దిగాయి. అతను కత్తి తీసి తాడు కోయబోయాడు. సుష్మ ఆ మణికట్టు మీద తన గొడ్డలి పిడితో కొట్టింది. ఎముక విరిగింది. అయినా కత్తి వదల్లేదు. మళ్ళీ కొట్టింది. అతను పసివాడిలా ఏడ్చాడు. ఆమె మోకాలితో గుండెల మీద అదిమి, చేతులు రెండూ కట్టేసింది.

తర్వాత ఈడ్చుకుంటూ దిగింది. దారంతా అతను తిట్టాడు, తన్నాడు. ఒకచోట ఆమె చెయ్యి కొరికాడు. గైడు ఎదురొచ్చేసరికి సుష్మ తాడు అతని చేతికిచ్చి మంచులో కూలబడింది.

దేశానికి తిరిగొచ్చాక, ఏలూరు ఆస్పత్రిలో వినయ్ తల్లి చంద్రావతి సుష్మ మంచం పక్కన కూర్చుంది.

"మా వాడి చెయ్యి నువ్వే విరగ్గొట్టావటమ్మా?"

"అవునండి."

"వాడికేం గుర్తులేదు. శిఖరం ఎక్కనివ్వలేదని నీ మీద కోపంగా ఉన్నాడు."

చంద్రావతి సుష్మ చెంప మీది కుట్లకేసి చాలాసేపు చూసింది. లేచి వెళ్ళి కొడుకుని వెంటబెట్టుకొచ్చింది.

"అది చేసింది నేనేనా?" అన్నాడు వినయ్ గుమ్మంలోనే.

"నువ్వే," అంది సుష్మ.

అతను కుట్లు చూడ్డానికి మంచం దగ్గరికొచ్చి కట్టులేని చెయ్యి చాపాడు. సుష్మ ఒళ్ళు దానంతటదే గోడ వైపుకి ముడుచుకుపోయింది. వినయ్ చాపిన చెయ్యి మెల్లగా దించేసుకుని, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.