ఊఁహూఁలో సగం

పళ్ళ డాక్టరుకి ఇంట్లో పేరు పండు. పుట్టినప్పుడు బుగ్గలు చూసి ఎవరో అన్నారు, అదే నిలిచిపోయింది. చదువు ముగించి వీధిలో బోర్డు పెట్టుకున్న రోజున వాళ్ళ పిన్ని మెట్ల మీద నిలబడి, ఒక్క పండు ఊరందరి పళ్ళూ చూడటమేమిటే అని పడీ పడీ నవ్వింది. అలా నవ్వినప్పుడు ఆవిడ పై ముందుపళ్ళు రెండింటి మధ్య సందు నిండుగా కనిపించేది. ఆ సందులోంచి సైకిలు తోలుకెళ్ళొచ్చని చుట్టాలందరూ ఆటపట్టించేవాళ్ళు. బెల్లు కొట్టి మరీ వెళ్ళండి అనేది పిన్ని.

పిన్ని పిల్లలకి ఈత నేర్పుతుంది. ఆవిడ చేతిలో ఉన్న విద్యంతా ఒక ఎత్తు, ఆ సందులోంచి వేసే ఈల ఒక్కటీ ఒక ఎత్తు. నోట్లో వేళ్ళు పెట్టుకోదు, మెడలో ప్లాస్టిక్ ఈల వేలాడేసుకోదు. కొలనులోకి ఒకేసారి నాలుగైదు బళ్ళ పిల్లలు దిగుతారు. మిగతా కోచ్‌లందరివీ ఒకే కొట్లో కొన్న ఈలలు. చెవుల్లో నీళ్ళు నిండిన పిల్లలకి ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలిసిచావదు. పిన్ని ఈల మాత్రం నీళ్ళని చీల్చుకుని వెళుతుంది. పొట్టి ఈల వేస్తే దూకమని. పొడుగు ఈల వేస్తే, మిగిలిన బలమంతా కాళ్ళలో పెట్టమని. పిల్లలు ఆవిణ్ణి ఈల టీచర్ అనే పిలుస్తారు.

అలాంటి పిన్నికి ముందుపన్ను పోయింది. పొట్టి ఈల వినగానే కప్ప అని ముద్దుపేరున్న ఒక బొద్దు పిల్ల దూకవలసిన వైపు కాకుండా టీచర్ వైపు దూకింది. ఆ పిల్ల నెత్తికి ఏమీ కాలేదు. పిన్ని పన్ను వేరు నిలువునా చీలిపోయింది.

ముందుపన్నుకి ఇంప్లాంట్ పెట్టడం పండుకి అదే మొదలు. వెనక దంతానిదేముంది, నమిలితే చాలు. ముందుపన్ను వీధిలోకి రావాలి, ఫొటోలో నిలబడాలి, పక్క పన్ను పక్కన పరాయిదానిలా కనిపించకూడదు. పేరున్న పెద్ద డాక్టర్ల దగ్గరికి వెళ్ళమని పండు ఎంత చెప్పినా పిన్ని వినలేదు. చిన్నప్పుడు నీ ఊగే పళ్ళన్నీ పీకింది నేనే, ఇప్పుడు నీ వంతు అంది. పండు పాడైన పన్ను తీసేసి, దవడ ఎముకలో చిన్న టైటానియం స్క్రూ బిగించి, ఎముక దాన్ని తనలో కలుపుకునేదాకా నెలల తరబడి ఆగింది. ఈలోగా తీసి పెట్టుకునే ప్లాస్టిక్ పన్ను ఒకటి ఇచ్చింది. పన్ను పీకేముందు తీసుకున్న అచ్చు ప్రకారం చేసింది కాబట్టి దాని పక్కన సందు అలాగే ఉంది, ఈలా అలాగే ఉంది. అందుకే ఈల పోవచ్చన్న అనుమానం ఎవరికీ రాలేదు.

ఎముక గట్టిపడ్డాక స్క్రూ మీద టెంపరరీ పన్ను బిగించే రోజు వచ్చింది. అసలు పన్ను రాకముందు కొన్ని వారాలు ఇది ఉంటే, చిగురు దాని చుట్టూ ఒదిగి, పన్ను అక్కడే మొలిచినట్టు కనిపిస్తుంది. పండు రాత్రంతా ఆలోచించి ఒక కానుక సిద్ధం చేసింది. పిన్ని సందు మూసెయ్యాలి. సందంతా కొత్త పన్నే మింగేస్తే అది పలకలా వెడల్పుగా కనిపిస్తుంది. అందుకని సగం కొత్త పన్నుతో, సగం పక్క పన్ను అంచున పంటిరంగు కాంపోజిట్ అంటించి మూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి.

అడక్కుండా చెయ్యలేదు, అడిగింది. కానీ ఎప్పుడడిగింది? పిన్ని పెదాల్ని ప్లాస్టిక్ కొక్కెం రెండు వైపులా లాగిపట్టి ఉంది. బుగ్గల నిండా దూది ఉండలు. నర్సు పట్టుకున్న సక్షన్ గొట్టం బరబరా ఉమ్మి పీలుస్తోంది. అప్పుడు వంగి, "పిన్నీ, ఎలాగూ చేస్తున్నాం కదా, ఈ సందు కూడా మూసేస్తాను, సరేనా?" అంది.

"ఊఁ" అంది పిన్ని.

పండు చేతులు ఆడుతూ పాడుతూ నడిచాయి. రంగంటే నీలం కాగితం కొరికించి, ఎత్తు తగిలిన చోట అరగదీసింది. రెండు పళ్ళ మధ్య ఫ్లాస్ దారం టక్కుమని దిగి టక్కుమని వచ్చింది. చివర్న మాట పరీక్ష. ముందుపన్ను ఏమాత్రం పొడుగైనా స అన్న చోట గాలి బుసకొడుతుంది, ఫ అన్న చోట పెదవి తడబడుతుంది. సన్న సూదికి సిల్కు దారం అనమంది. పిన్ని అంది. ఫలానా వాళ్ళ ఫోను అనమంది. పిన్ని అదీ అంది. ఒక్క అక్షరం జారలేదు.

పిన్ని అద్దం చూసుకుంది. తర్వాత నాలుక కొన పళ్ళ మధ్యకి పోనిచ్చి, అక్కడ గోడ తగలగానే, "మూసేశావా?" అంది.

"నువ్వే ఊఁ అన్నావుగా పిన్నీ."

"అన్నానా?" అని పిన్ని అద్దంలోకి మళ్ళీ చూసింది. పండు మొహం అప్పటికే వెలిగిపోతోంది. నర్సుని పిలిచి ఇటునుంచి చూడు, అటునుంచి చూడు అంటోంది, ఫొటోలు తీస్తోంది. ఆ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడానికి పిన్నికి నోరు రాలేదు. తీసుకెళ్ళడానికి వచ్చిన బాబాయి గుమ్మంలో ఆగిపోయి, ఇంత అందగత్తెని నా స్కూటరెక్కిస్తే మీ పిన్ని ఊరుకోదమ్మా అన్నాడు. అందరూ నవ్వారు, పిన్ని కూడా నవ్వింది.

మర్నాడు సాయంత్రం ఆస్పత్రిలో ఒక పెద్దాయన ఉన్నాడు. కట్టుడు పళ్ళు కొత్తగా పెట్టించుకున్నాడు. నమిలితే బాగానే ఉన్నాయట, నవ్వితే ఊడతాయేమోనని ఆయన భయం. నవ్వి చూపించండి అని పండు అడిగితే, నవ్వు రావద్దూ అని విసుక్కున్నాడు. ఆ విసుగు మధ్యలో తలుపు తెరుచుకుని పిన్ని వచ్చింది. వెనక డజను మంది పిల్లలు, భుజాల మీద తువ్వాళ్ళు, జుట్టులోంచి నీళ్ళు. నేలంతా తడి. నర్సు తుడుపుగుడ్డ కోసం పరిగెత్తింది.

పిన్ని తిన్నగా లోపలికొచ్చి, "విను" అని ఈల వేసింది. వెయ్యబోయింది. వేడి టీ ఊదుకున్నట్టు ఫూ అని గాలి వచ్చింది. ఇంకోసారి ఊదింది. పండు కళ్ళజోడు మీద ఆవిరి పట్టింది తప్ప ఈల రాలేదు.

ఎల్లుండి ఆదివారం పోటీలు. కొలను నిండా కేకలు, గట్టు మీద అన్ని బళ్ళ కోచ్‌లు. ఆఖరి సగంలో పిల్లలు చెవులు రిక్కించేది ఆ పొడుగు ఈల కోసమే. ఇవాళ అభ్యాసంలో ఈల రాక, సగం మంది మధ్యలో ఆగి తలలు పైకెత్తి టీచర్ ఎక్కడని వెతుక్కున్నారట. ప్లాస్టిక్ ఈల అరువు తెచ్చి ఊదితే పక్క బడి పిల్లలు వేగం పెంచారట. పాత ప్లాస్టిక్ పన్ను పెట్టుకుందామంటే, స్క్రూ మీద కొత్తది బిగించాక అది ఎక్కడ కూర్చుంటుంది?

కప్ప ముక్కు చీదుతూ, "నేను అటు దూకకపోతే ఇదంతా అయ్యేది కాదు" అంది.

"నువ్వు ఊరుకోవే. దూకింది నువ్వు, మూసింది మా పండు" అంది పిన్ని.

"నువ్వు ఊఁ అన్నావు పిన్నీ," అంది పండు. "నేను అడిగాను."

"నేనన్నది ఊఁహూఁ. మొదటి సగం నీకు వినిపించింది, రెండో సగం నీ గొట్టం పీల్చేసింది."

తుడుపుగుడ్డతో వచ్చిన నర్సుకి నవ్వు ఆగలేదు. గొట్టం పట్టుకున్నది తనే కాబట్టి గోడవైపు తిరిగి నవ్వింది.

పండు మాత్రం పిన్ని నోరు తెరిపించి చూసింది. తన చేతుల మీదుగా ఇంత అందమైన పని ఇంతవరకు జరగలేదు. ఎక్కడ పన్ను అయిపోయి ఎక్కడ కాంపోజిట్ మొదలైందో తనకే తెలియడం లేదు. తలుపు దగ్గర డజను జతల కళ్ళు తన చేతుల వైపే చూస్తున్నాయి. చదువు రోజుల్లో పంతులుగారు టెంపరరీ అనే మాట వందసార్లు చెప్పేవారు. అది నోటికి సరిపడుతుందో లేదో నోటినే చెప్పనివ్వడం కోసం పెట్టేది, మనం ముచ్చటపడటానికి కాదు అని. పండు చేతులకి కొత్త గ్లౌజులు తొడుక్కుంది.

"పడుకో పిన్నీ. ఈసారి గొట్టం తీసేశాకే అడుగుతాను."

పక్క పన్నుకి అంటించిన కాంపోజిట్‌ని పాలిషింగ్ చక్రంతో మెల్లగా అరగదీసింది. కింద పిన్ని సొంత పన్ను చెక్కుచెదరకుండా బయటపడింది. తర్వాత కొత్త పన్ను వెనక రంధ్రంలోంచి స్క్రూ విప్పి, దాన్ని చేతిలోకి తీసుకుంది. అలమరలోంచి పాత ప్లాస్టర్ అచ్చు తెప్పించి సందు వెడల్పు కొలిచింది. అంతే వెడల్పు వచ్చేలా పన్ను పక్క అరగదీసి, నునుపు చేసి, మళ్ళీ బిగించింది. దూది తీసేసింది. ఊదమంది.

ఈల వచ్చింది. కానీ ఏదో ఈల.

"టీ కెటిల్ కూత, టీచర్" అన్నారు పిల్లలు, తీర్పు చెప్పేవాళ్ళలా. లోపలేం జరుగుతోందో కనబడక వాళ్ళందరూ బయట గదిలో బెంచీ ఎక్కి వరసగా నిలబడ్డారు. దిగమని నర్సు చెప్పి చెప్పి, వాళ్ళ తడి తువ్వాళ్ళన్నీ బెంచీ ముందు పరిచి వదిలేసింది.

మళ్ళీ విప్పి, ఇంకాస్త అరగదీసి, బిగించింది. ఈసారి స్కూటరు బ్రేకు అన్నారు. పెద్దాయన గోడవార కుర్చీలోకి మారి, అక్కణ్ణుంచే, వెనకటిదే నయం అని అభిప్రాయం చెప్పాడు. పండుకి చెమట పట్టింది. ఇంకా అరగదీస్తే పన్ను సన్నబడి పగులుతుంది. వెడల్పు సరిపోయింది కదా, మరి తేడా ఎక్కడ?

అచ్చుని దీపం కింద అటూ ఇటూ తిప్పింది. అప్పుడు కనిపించింది. పాత పన్ను కింది మూల వెనకవైపు కొద్దిగా వాలుగా అరిగి ఉంది. ఏళ్ళ తరబడి గాలి అదే దారిన పోయి పోయి అరిగిపోయిందని నర్సు తేల్చేసింది. పళ్ళు గాలికి అరగవని పండుకి తెలుసు. అయినా ఆ సాయంత్రం కాదనబుద్ధి కాలేదు. సందు ముట్టుకోకుండా ఆ వెనక మూలని మాత్రం గోటితో గీరినంత వాలుగా తీసి, నునుపు చేసి, నాలుకకి గరుకు తగలడం లేదని పిన్నిచేత సైగతో చెప్పించుకుని, స్క్రూ బిగించింది. గొట్టం ఆపింది. కొక్కెం తీసింది. దూది ఉండలన్నీ బయటపెట్టి, పిన్ని నోరు పూర్తిగా ఖాళీ చేశాక అడిగింది.

"పిన్నీ, ఇలాగే ఉంచనా?"

పిన్ని ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు. నాలుక మడిచి పొట్టిగా ఒక ఈల వేసింది.

బయట ధడాలుమంది. బెంచీ మీద వరసగా నిలబడ్డ డజను మందీ చేతులు చాచి ఒక్కసారిగా దూకేశారు. బెంచీ వెనక్కి పల్టీ కొట్టింది. తువ్వాళ్ళ మీద పిల్లలు కుప్పగా పడ్డారు, అడుగున ఎవరి కాలు ఎవరిదో తెలియదు. ఆ కుప్పలోంచి కప్ప తల బయటికొచ్చి, "నేను ముందే దూకాను" అంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఈల ఎలా ఉందని వాళ్ళని ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

పిన్ని కుర్చీలోనే కడుపు పట్టుకుని నవ్వుతోంది, సందు నిండుగా కనిపించేలా. నర్సు తలుపు పట్టుకుని నవ్వుతోంది. పండు చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి పళ్ళెంలో పడింది, దాంతో అందరికీ ఇంకా నవ్వొచ్చింది. పెద్దాయన మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కుదుపుకుంటున్నాడు. కాసేపటికి చెయ్యి తీసి చూసుకున్నాడు. పై వరసా కింది వరసా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ సంతోషంలో ఆయన ఇంకోసారి, ఈసారి గట్టిగా, నవ్వాడు.

ఆదివారం కొలను గట్టు మీద, ఆఖరి సగంలో పొడుగు ఈల మోగినప్పుడు, ఎప్పుడూ చివర్న వచ్చే కప్ప ఇద్దర్ని దాటి మూడోదిగా వచ్చింది. గట్టు ఎక్కి తిన్నగా టీచర్ వైపు పరిగెత్తింది. పిన్ని ముందు జాగ్రత్తగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ తర్వాతే ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

చిగురు చక్కగా ఒదిగాక, పండు ఆ టెంపరరీ పన్ను ఆకారాన్ని, దాని వెనక వాలుతో సహా స్కాన్ చేసి ల్యాబ్‌కి పంపింది. అసలు పన్ను అచ్చం అలాగే రావాలి. మర్నాడు ఇంకో పేషెంటుని కుర్చీలో కూర్చోబెట్టి సక్షన్ పెట్టబోతుంటే ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేశాడు. మనిషి మంచివాడు, పనిమంతుడు. ముందుపళ్ళ మధ్య సందు కనిపిస్తోంది మేడమ్, ఎలాగూ చేస్తున్నాం కదా, మూసేద్దామా అన్నాడు.

పండు గొట్టం ఆపమని నర్సుకి సైగ చేసింది. ఫోను పెదాల దగ్గరికి తెచ్చుకుని, రెండు సగాలూ విడివిడిగా వినిపించేలా చెప్పింది.

"ఊఁ... హూఁ."