టిక్కుమన్నప్పుడల్లా

మా ఆడపడుచు చేస్తున్న పరిశోధనకు జబ్బు కళ్లు బోలెడు దొరికాయి గానీ, వాటితో పోల్చి చూసుకోవడానికి నలభై దాటిన మంచి కళ్లు దొరకలేదట. ఇంట్లో పనీపాటా లేనిదాన్ని నేనే అని అందరికీ గట్టి నమ్మకం కాబట్టి నన్ను వెంటబెట్టుకెళ్లింది.

బయట ఎండ మండిపోతోంది. ఆమె ప్రయోగశాలలో మాత్రం కిటికీలకు నల్లరంగు పూసి, తలుపు సందుల్లో నల్లగుడ్డ కుక్కారు. నా చేతికి ఒక మీట ఇచ్చింది. ముందు అరగంట చీకట్లో కూర్చోవాలి. అప్పటికి రెటీనాలోని దండ కణాలు, అంటే మసక వెలుతుర్లో మనకు చూపునిచ్చేవి, పూర్తిగా మేలుకుంటాయి. ఆ తర్వాత ఎదురుగా ఒక చుక్క వెలిగి ఆరుతుంటుంది. మొదట కనిపించీ కనిపించనట్టు, పోనుపోను కాంతివంతంగా. కనబడ్డప్పుడల్లా మీట నొక్కాలి.

ఊరికే కూర్చోబెట్టే ఉద్యోగం ఒకటుందని తెలిస్తే పెళ్లికి ముందే చేరేదాన్నన్నాను. ఆమె నవ్వింది. చుక్కలు వచ్చాయి. ఒక్కటీ వదలకుండా నొక్కాను. బయటికొచ్చాక, కుక్కర్ కూతలు లెక్కపెట్టే ఆడదానికుండే ఏకాగ్రత ఏ శాస్త్రవేత్తకూ ఉండదని గొప్పలు కూడా పోయాను.

ఆమె కంప్యూటర్ వైపు చూస్తోంది. ఈసారి నవ్వలేదు.

"వదినా, నిజంగా కనబడిందా?"

"కనబడకపోతే ఎందుకు నొక్కుతాను?"

కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. చుక్కను చూపించే పరికరంలో వెలుగుకు అడ్డుండే చిన్న రెక్క తెరుచుకున్నప్పుడల్లా టిక్కుమంటుందట. ఊహించి నొక్కేవాళ్లు ఉంటారని, మధ్యమధ్యలో రెక్క తెరిచి వెలుగు లేకుండా వదిలేస్తారట. నేను వాటికీ నొక్కాను. అన్నిటికీ.

"మోసం చేశానంటావా?"

"కాదు వదినా. నీకు తెలియకుండానే చెవులతో చూశావు."

ఒట్టేసి చెప్పమన్నా చెప్పేదాన్ని, ఆ చుక్కలు నాకు కనబడ్డాయని.

కరెంటు పోతే ఇంట్లో అందరూ గోడలు తడుముకుంటుంటే నేను వంటింట్లో చకచకా తిరిగేదాన్ని. అమ్మవి పిల్లికళ్లు అనేవాళ్లు పిల్లలు. గ్లాసు నిండుతుంటే నీళ్ల చప్పుడు మారేది, నా చెయ్యి ఆగేది. సింకు ఎక్కడుందో కారే కుళాయి చెప్పేది. బాగుచేయిస్తానని మా ఆయన అన్నప్పుడల్లా ఇప్పుడెందుకులెండని నేనే ఆపాను. ఈమధ్య సాయంత్రాలు వీధిలోకి వెళ్తే ఆయన చెయ్యి పట్టుకుంటున్నాను కూడా. ఇన్నేళ్లకు ప్రేమ పుట్టుకొచ్చిందని ఆయన మురిసిపోతున్నారు. పోనీలే అని ఊరుకున్నాను.

మందులతో సర్దుకునే లోపమే కావచ్చని ఆడపడుచు నచ్చజెప్పింది. ముందు రాత్రి చూపు పోయి, తర్వాత పక్కల నుంచి మూసుకొచ్చే జబ్బు కూడా కావచ్చు. అది పిల్లలకు వస్తుందా అని నేను అడిగాకే, కొన్ని రకాలు రావచ్చంది. ఏదైనా తేలాలంటే మొదట ఈ పరీక్షే సరిగ్గా జరగాలి.

చెవుల్లో దూది కుక్కి, పైన పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించింది. మళ్లీ చీకటి. మళ్లీ అరగంట. అది అయ్యాక, మొదలుపెట్టేముందు భుజం తడతానంది. తట్టింది.

కళ్లు విప్పార్చుకుని చూశాను. ఏమీ లేదు. కళ్లు మూసుకుని చూశాను, అదే నలుపు. చెమటకు మీట జారుతోంది. నొక్కాలని వేలు పీకేస్తోంది. మంచి కళ్లున్నాయని అనిపించుకోవడానికి ఒక్క నొక్కు చాలు. కానీ పిల్లలు గుర్తొచ్చి వేలు పక్కకు తీశాను.

ఎంతకీ చుక్క రాదు. మా ఆడపడుచు ఎక్కడికెళ్లినా సామాను సర్దడానికే సగం రోజు తగలేస్తుంది. పరికరం మొరాయించి ఉంటుంది. అదే అయుంటుంది. హెడ్‌ఫోన్లు తీసి, దూది లాగేశాను.

"ఇంకెప్పుడు మొదలుపెడతావే తల్లీ?"

టిక్. టిక్.

చీకట్లో ఆమె చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది.

"అయిపోవచ్చింది వదినా."

దూది మళ్లీ నేనే చెవుల్లో కుక్కుకుని, మిగిలిన చుక్కల కోసం చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను.